ఇంజెక్షన్‌తో కిడ్నీ మొలుస్తుందా?

అందరికీ నమస్కారం. నా పరిశోధన గురించి మాట్లాడమని శ్రీకాకుళం పిలిచారు. దానికంటే ముందు, మొన్న కవిటిలో మా అరుగు మీద జరిగిన ముచ్చట చెబుతాను.

పక్కింటి బాబాయ్ డయాలసిస్ నుంచి అప్పుడే వచ్చి కూర్చున్నారు. చేతికి అంటించిన పత్తి ఇంకా తియ్యలేదు. "అమ్మా, నువ్వు ఆ స్టెమ్ సెల్సే గదా చదివినావు. ఇంజెక్షన్ ఏయిస్తే కిడ్నీ మళ్లీ బాగైపోద్దంట, నిజమేనా?" అన్నారు. నాలుగు లక్షలవుతుందని ఎవరో ఫోన్‌లో చెప్పారట.

ఇరవై ఏళ్లుగా ఈ కణాలతోనే కాపురం చేస్తున్నాను. "లేదు బాబాయ్" అనడానికి క్షణం పట్టింది, ఎందుకు లేదో చెప్పేసరికి పొద్దుగూకింది.

మూలకణం, అంటే బాబాయ్ అడిగిన స్టెమ్ సెల్, విత్తనంలాంటిదని చదివే ఉంటారు. సరే, విత్తనమే అనుకుందాం. జీడిపిక్కను తీసుకెళ్లి బల్ల మీద పెడితే చెట్టవుతుందా? మూలకణం ఏమవ్వాలో చుట్టూ ఉన్న కణాలు చెప్పాలి. ఆ చెప్పడాన్నే మేం సిగ్నలింగ్ అంటాం. నేను పనిచేసేది వింట్ అనే సంకేతం మీద.

దాని కథలో మనవాళ్లున్నారు. 1970లలో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్.పి. శర్మ అనే శాస్త్రవేత్త రెక్కలు రాని పండు ఈగలను గుర్తించారు. ఆ లోపానికి 'వింగ్‌లెస్' అని పేరు. 1982లో అమెరికాలో రోల్ నస్సె, హెరాల్డ్ వార్మస్ ఎలుకల రొమ్ము క్యాన్సర్‌లో 'ఇంట్‌-1' అనే జన్యువును పట్టుకున్నారు. ఈగలోదీ ఎలుకలోదీ ఒకే జన్యువని 1987లో తేలింది. రెండు పేర్లూ కలిపేసి వింట్ అన్నారు. తెలుగు చెవికి 'వింటే'లా ఉంటుంది, అదీ కుదిరింది. నేను చదువుకున్న పుస్తకంలో అమెరికా పేర్లే ఉండేవి. ఢిల్లీ ఈగల సంగతి పీహెచ్‌డీలో చేరాకే తెలిసింది, ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటుంది.

కడుపులో బిడ్డకు కిడ్నీ తయారయ్యేది ఈ వింట్ పిలుపుతోనే. ఒక గొట్టం మొగ్గలా పెరుగుతూ పక్క కణాలకు కబురు పంపుతుంది, అవి వడపోత గొట్టాలుగా ముడుచుకుంటాయి. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షలు. దాదాపు 36వ వారానికి ఆ పని ఆగిపోతుంది. పుట్టాక కొత్తది ఒక్కటీ రాదు. ఎముక మజ్జ అలా కాదు, అక్కడ రక్తం తయారుచేసే మూలకణాలకు జీవితాంతం ఇల్లూ, కబురు చెప్పేవాళ్లూ ఉంటారు. అందుకే మజ్జ మార్పిడి పనిచేస్తుంది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కూడా అలాంటి రక్త జబ్బులకే ఒప్పుకున్నాయి. మిగతాదేదైనా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే జరగాలి.

మరి ల్యాబ్‌లో? 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనక ఎలుక చర్మ కణాలను నాలుగు జన్యువులతో వెనక్కి, మూలకణ దశకు తీసుకెళ్లారు. మరుసటి ఏడే మనిషి కణాలతోనూ అయింది. వాటికి వింట్‌ను తట్టిలేపే మందు ఇన్ని రోజులని లెక్కపెట్టి ఇస్తే చిన్న కిడ్నీ ముద్దలు వస్తాయి. లెక్క తప్పితే? ఒక సంక్రాంతికి రైలు దొరకదేమోనన్న టెన్షన్‌లో నేను ఆ మందును ఒకరోజు ముందే తీసేశాను. మిగతా పని జూనియర్‌కి అప్పగించి ఊరొచ్చేశాను. తిరిగి వెళ్లి మైక్రోస్కోప్ కింద పెడితే, వడపోత గొట్టాలు ఉండాల్సిన చోట మూత్రాన్ని పోగుచేసే గొట్టాలే ఎక్కువ. మూడు వారాల పని సింకులో పోసేశాను. పళ్లెంలో, అన్నీ నా చేతిలో ఉండగానే ఒక్క రోజుకి అంత తేడా. నరంలోకి ఎక్కించి వదిలేసిన కణానికి ఎవరు కబురు చెబుతారు?

మా కవిటి ఉన్న ఉద్దానంలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. ఏ పదార్థం వడపోత గొట్టాలను దెబ్బతీస్తుందో ఆ ముద్దల మీద పరీక్షించి చూడొచ్చు. నా ఆశంతా అక్కడే ఉంది, కిడ్నీ మొలిపించడం మీద కాదు.

ఇదంతా విని బాబాయ్, "ఆ ముద్ద ఎంతుంటాదమ్మా?" అన్నారు. వేలి కొస చూపించి, ధనియం గింజంత అన్నాను.

"ధనియమంతదానికి నాలుగు లచ్చలా?"

"ఆ ఇంజెక్షన్‌లో ధనియం కూడా ఉండదు బాబాయ్."