చెప్పులు కొంటానని తీసుకెళ్లారు

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను, మన్నించాలి. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం కదా, మాతృభాష గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నేను పళ్ల డాక్టర్ని. మన ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లుగా పిప్పిపళ్లు చూస్తున్నాను. భాష గురించి నాకు తెలిసిన కాస్తా ఆ కుర్చీ పక్కన నిలబడి తెలుసుకున్నదే. అందుకని ఆ కుర్చీ గురించే చెబుతాను. పిల్లలున్నవాళ్లు, మనవలున్నవాళ్లు కాస్త చెవిన వేసుకోండి.

నాకప్పుడు ఏడేళ్లు. దవడపన్ను పుచ్చి బుగ్గ వాచింది. "పదరా, బరంపురంలో కొత్త చెప్పులు కొంటాను" అన్నారు నాన్నగారు. పొద్దున్నే బస్సెక్కాం. బకిల్ ఉన్నవే కావాలని దారంతా ఆయన్ని విసిగించాను. బస్సు దిగి ఒక మేడ మెట్లెక్కుతుంటే లవంగ నూనె వాసన గుప్పున కొట్టింది. అది చెప్పుల కొట్టు వాసన కాదని పిల్లాడికి కూడా తెలుస్తుంది. వెనక్కి తిరిగేలోపే కాంపౌండరు కాళ్లు పట్టేశాడు. డాక్టరుగారు ఒడియాలో "ఆఁ కర, ఆఁ కర" అంటున్నారు, నోరు తెరవమని. నేను చదివింది ఒడియా బడిలోనే, వీధిలో ఆడుకునేదీ ఒడియాలోనే. కానీ ఆ నిమిషంలో ఒక్క ఒడియా మాటా బుర్రకెక్కలేదు. "నాన్నా, నాన్నా" అని అరిచాను. నా తల కదలకుండా పట్టుకుంది నాన్నగారే.

పన్ను వచ్చేసింది. ఆయన మాట తప్పలేదు, చెప్పులు కొన్నారు. బకిల్ ఉన్నవే. నేను వాటిలో కాలు పెట్టలేదు. అరుగు మీద ఎండకి తోలు బిగుసుకుపోయింది, ఏడాది తిరిగేసరికి నా కాలు పెరిగింది, తమ్ముడికిచ్చేశారు. పన్ను ఎంత నొప్పెట్టిందో ఇప్పుడు గుర్తు లేదు. ఆ చెప్పులు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి. నాన్నగారు చెడ్డవారు కారు. నిజం చెబితే వీడు రాడు, పన్ను కుళ్లిపోతుందని భయపడ్డారు, అంతే.

ఇంత పడినవాణ్ని, డాక్టరునయ్యాక మారి ఉంటానని మీరనుకుంటారు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆరేళ్ల పాప వచ్చింది. బయట పదిమంది వెయిటింగ్. తల్లిని చేతులు పట్టుకోమన్నాను, పాప అరుస్తుంటే నోటి మీద చెయ్యి వేసి నొక్కాను. అప్పట్లో అదీ ఒక పద్ధతిగా పుస్తకాల్లో ఉండేది. అమెరికాలో పిల్లల దంతవైద్యుల సంఘం 2006లో దాన్ని తమ మార్గదర్శకాల నుంచి తీసేసింది. తీసెయ్యక ముందు నేను వాడాను, ఇది నా తప్పు. పదకొండేళ్ల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. అప్పటికి నాలుగు దవడపళ్లు వేళ్లదాకా పుచ్చిపోయాయి. ఎందుకమ్మా ఇన్నాళ్లు ఆగావంటే, "మీరు నోరు నొక్కేశారు కదండీ" అంది.

మీలో "అల్లరి చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా" అని ఒక్కసారైనా అనని వాళ్లెవరు? చేతులెత్తండి. ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేను, మా ఇంట్లోనూ అన్నాం. బడి మానేస్తే సూది, అన్నం తినకపోతే సూది. ఏడాదంతా సూదిని దెయ్యంలా చూపించి, పన్ను నొప్పెట్టిన రోజున "ఏం కాదమ్మా, సూది వెయ్యరులే" అంటాం. ఆ పిల్ల దేన్ని నమ్మాలి?

పిల్లల విషయంలో మేం నేర్చుకున్న మొదటి పాఠం: ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాత చెయ్యి. 1959లో అడెల్‌స్టన్ అనే అమెరికా దంతవైద్యుడు రాసిన పద్ధతి. గాలి కొట్టే గొట్టం ఉంటుంది, ముందు దాన్ని పిల్లాడి అరచేతిలో కొడతాను. పళ్లు తోమే చిన్న బ్రష్షు గిర్రున తిరుగుతుంది, దాన్ని బొటనవేలి గోరు మీద తిప్పుతాను. అద్దం వాడి చేతికే ఇస్తాను. ఆ తర్వాతే నోట్లోకి. మత్తు సూది వెయ్యాల్సి వస్తే చిగురు మీద ముందు జెల్ రాసి రెండు నిమిషాలు ఆగుతాను. ఆ రెండు నిమిషాలు ఆగలేని డాక్టరు పిల్లల్ని ముట్టుకోకూడదని నా అభిప్రాయం. నొప్పెడితే ఎడమ చెయ్యి ఎత్తమంటాను. ఎత్తితే ఆపాలి. "ఇంకొక్క క్షణం" అనకూడదు. కావాలనే ఒకసారి ఎత్తి చూస్తారు, ఆపుతానా లేదా అని. అప్పుడు ఆపితే సగం భయం పోయినట్టే.

ఇక్కడో గుంటడి సంగతి చెప్పాలి. కాశీనగర్ వైపు నుంచి తెచ్చారు, ఎనిమిదేళ్లు. బిగిసిపోయి కూర్చున్నాడు. మా అసిస్టెంటు ఒడియాలో "డర నాహిఁ" అంది, భయం లేదని. ఉలకడు, పలకడు. నేను సూది బయటికి తియ్యగానే "ఓలమ్మో" అన్నాడు. ఓహో, మనవాడే అనుకుని తెలుగులోకి దిగాను. "నొప్పెడతాదా?" అని సూటిగా అడిగాడు. "కొంచెం పెడతాది. చురుక్కుమంటాది. నువ్వు ఇరవై లెక్కపెట్టేలోపు తీసేస్తాను" అన్నాను. వాడు వేళ్లు ముడుస్తూ లోపల్లోపలే లెక్కపెడుతున్నాడు, నేను ఆ వేళ్లే చూస్తున్నాను. మత్తుమందు నెమ్మదిగా ఎక్కిస్తేనే నొప్పి తక్కువ, అందుకే ఆలస్యమవుతుంది. ఇరవయ్యో వేలు ముడిచేసరికి సిరంజిలో ఇంకా మందు ఉంది. ఇంకో పది సెకన్లు పడితే అయిపోను. సూది బయటికి తీసేశాను. వాడు నా ముఖం కేసి అలా చూశాడు. "ఇంకా ఉందేటి?" అన్నాడు. "ఉంది" అన్నాను. "ఎంత?" "ఇంకో పది." వాడే నోరు తెరిచాడు. ఎవరూ కాళ్లు పట్టుకోలేదు.

ఇరవై నిమిషాలు దాటుతున్నట్టున్నాయి, చీటీ వచ్చింది. ఇంకొంచెం ఓపిక పట్టండి.

ఈ రోజు ఎవరి పుట్టినరోజో ఆ మహానుభావుడు గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే, రాజావారి బడిలోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల దగ్గరికి కొండలెక్కి వెళ్లి వాళ్ల భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. ఆ తిరుగుళ్లలో మలేరియా వస్తే వేసుకున్న క్వినైన్‌తో ఆయనకు చెముడు వచ్చింది. ఆయన చెవులు పోగొట్టుకుని నేర్చుకున్న భాష మాట్లాడే పిల్లలు ఇవాళ గుమ్మా వైపు ఊళ్ల నుంచి నా కుర్చీలోకి వస్తున్నారు. నాకు సవర రాదు. ముప్పై ఏళ్లలో నేర్చుకోలేదు. మొన్న ఒక పాపను అమ్మమ్మ తీసుకొస్తే, అద్దానికి, నీళ్లకి, నొప్పికి మీ మాటేమిటని అడిగి కాగితం మీద రాసుకున్నాను. నేను నొప్పి అన్న మాట తప్పుగా పలికితే ఆ పాప నవ్వింది. నవ్వితే నోరు తెరుచుకుంటుంది కదా, అప్పుడే చూసేశాను.

ఒక్క మాట పాలపళ్ల గురించి. "పాలపళ్లే కదండీ, ఊడిపోయేవే" అని రోజూ వింటాను. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి, నిజమే. వెనక దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. రాత్రి పంచదార పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెడితే రెండేళ్లకే పుచ్చుతాయి. ఊడేవే కదా అని వదిలేసి, బుగ్గ బూరెలా వాచాక, పిల్ల రాత్రంతా ఏడ్చాక, అప్పుడు తెస్తారు. అప్పుడిక పీకడమే. ఆ పిల్ల మొట్టమొదట చూసిన పళ్ల డాక్టరు పన్ను పీకేవాడే అవుతాడు. ఏడాది నిండేలోపు ఒకసారి చూపించమని మా వైద్యులందరూ చెప్పేది అందుకే. ఏ నొప్పీ లేనప్పుడు తీసుకురండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని పళ్లు లెక్కపెట్టి పంపిస్తాను.

వెనకాల గదిలో ఒక కుర్చీ, టార్చిలైటు, నాలుగు చేతి అద్దాలు పెట్టించాను. సభ అయ్యాక అక్కడే ఉంటాను. పళ్లు లెక్కపెట్టడం తప్ప ఇవాళ ఇంకేమీ చెయ్యను, సూది తేలేదు. పిల్లల్ని తీసుకురండి. ఎక్కడికి తీసుకెళ్తున్నారో వాళ్లకి ముందే చెప్పి తీసుకురండి.