చివర్లో ఎలైజా ఎటు నడవాలి?

(నాటక శిక్షణ శిబిరం చివరి రోజున చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులు నా గురించి చాలా పెద్ద మాటలు చెప్పారు. వారి అభిమానానికి కృతజ్ఞతలు. నిర్వాహకులకు, ఇన్నాళ్లూ ఈ పిల్లల వెంట ఉండి నేర్పిన గురువులకు, పిల్లలకు కూడా నమస్కారం. నాకిచ్చిన టైమ్ తక్కువ. నా తర్వాత పిల్లలు ‘మై ఫెయిర్ లేడీ’ చివరి రంగం వేస్తారు, మీరంతా వచ్చింది దానికోసం. అందుకని సంగీత నాటకాల చరిత్ర జోలికి పోను. ఆ చివరి రంగంలో ఆఖరి నిమిషం గురించే మాట్లాడతాను. నలభై ఏళ్లుగా ఆ ఒక్క నిమిషం నన్ను వదల్లేదు.

కథ మీలో చాలామందికి తెలుసు. లండన్ వీధుల్లో పూలమ్ముకునే పిల్ల ఎలైజా. భాషాశాస్త్రం చదివిన ప్రొఫెసర్ హిగిన్స్ ఆమె యాస మార్చి, గొప్పింటి మనిషిలా మాట్లాడిస్తానని పందెం కాస్తాడు. గెలుస్తాడు. గెలిచిన రాత్రి మెచ్చుకోళ్లన్నీ ఆయనకే. గొంతు నొప్పి పుట్టేదాకా సాధన చేసిన పిల్లతో ఒక్క మంచి మాట ఎవరూ అనరు. అప్పుడామె ఆయన ఇంట్లో తొడుక్కునే చెప్పులు తీసి ఆయన మీదికే విసురుతుంది. చెప్పు విసరడమంటే ఏమిటో తెలుగువాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ చెప్పులను గుర్తుపెట్టుకోండి.

దీనికి మూలం జార్జ్ బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మేలియన్’. తను చెక్కిన బొమ్మనే ప్రేమించిన గ్రీకు పురాణ శిల్పి పేరది. మొదట 1913లో వియన్నాలో జర్మన్ భాషలో ఆడింది, 1914లో లండన్‌కు వచ్చింది. షా రాసిన ముగింపులో ఎలైజా వెళ్లిపోతుంది. హిగిన్స్ మాత్రం తిరిగొస్తుందన్న ధీమాతో ఉంటాడు. లండన్‌లో హిగిన్స్ వేషం వేసిన బీర్‌బోమ్ ట్రీకి అది నచ్చలేదు. తెర పడేలోపు ఎలైజా వైపు ఒక పూలగుత్తి విసిరేవాడు. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట చేర్చలేదు. ఆ పూలగుత్తితో నాటకం ప్రేమకథ అయిపోయింది. షా మండిపడ్డాడు. నా ముగింపుతో డబ్బులొస్తున్నాయి, సంతోషించమని ట్రీ అంటే, నీ ముగింపుకు నిన్ను కాల్చెయ్యాలని షా అన్నాడట. 1916లో అచ్చువేసినప్పుడు చివర పెద్ద వ్యాసమే చేర్చాడు: ఎలైజా తనను ప్రేమించే ఫ్రెడీ అనే కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంటుంది, పూల దుకాణం పెట్టుకుంటుంది, హిగిన్స్‌ను మాత్రం చేసుకోదు. శిల్పి చెక్కిన బొమ్మకు శిల్పి మీద ఎప్పటికీ పూర్తిగా ఇష్టం కలగదని అందులో రాశాడు.

ఐనా ఎవరూ వినలేదు. 1938లో సినిమా తీశారు. స్క్రీన్‌ప్లేకి షాకి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ ఆ సినిమా చివర్లో ఎలైజా తిరిగొస్తుంది, హిగిన్స్ కుర్చీలో వెనక్కి వాలి తన చెప్పులెక్కడని అడుగుతాడు. ఆ ముగింపు సంగతి షాకి ప్రివ్యూ చూసినప్పుడే తెలిసింది.

నాటకాన్ని సంగీత నాటకం చెయ్యనివ్వడానికి షా బతికుండగా ఒప్పుకోలేదు. ఆయన 1950లో పోయాడు. 1956 మార్చి 15న న్యూయార్క్‌లో ‘మై ఫెయిర్ లేడీ’ మొదలైంది. మాటలు, పాటల సాహిత్యం అలన్ జే లెర్నర్‌వి, సంగీతం ఫ్రెడరిక్ లోవ్‌ది. 2,717 ప్రదర్శనలు ఆడింది. అచ్చు ప్రతికి ముందుమాటలో లెర్నర్ దాచకుండా చెప్పాడు: షా చేర్చిన ఆ వ్యాసాన్ని వదిలేశాను, ఆయన చెప్పింది సరైనదేనని నాకు నమ్మకం లేదు, ఆయనా దేవుడూ నన్ను క్షమించాలి అని.

ఇక ఆ నిమిషానికి వద్దాం. హిగిన్స్ ఒంటరిగా కూర్చుని, ఎలైజా మొదటిసారి వచ్చినప్పుడు రికార్డు చేసిన ఆమె గొంతు వింటుంటాడు. ఎలైజా మెల్లగా వచ్చి మెషీన్ ఆపేసి, మిగతా మాట తన పాత యాసలో తనే చెబుతుంది. ముఖం, చేతులు కడుక్కునే వచ్చానని. ఆయన లేచి నిలబడడు. టోపీ ముఖం మీదికి లాక్కుని చెప్పులెక్కడని అడుగుతాడు. ఆ తర్వాత మాటలు లేవు. ఎలైజా కళ్లలో నీళ్లున్నాయని, ఆమెకు అర్థమైందని లెర్నర్ రంగసూచన రాశాడు. ఏం అర్థమైంది? అది రాయలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. ఇంకో రెండు నాటకాల ముగింపుల గురించి కాగితం మీద రాసుకొచ్చాను. అవి పక్కన పెడుతున్నాను, అధ్యక్షులు మన్నించాలి.

డిగ్రీ చదివేటప్పుడు నేను ఎలైజా వేశాను. రెండు నెలలు రిహార్సల్స్. ఒక్కోరోజు రాత్రి తొమ్మిదయ్యేది. చివరి రంగానికి వచ్చేసరికి మా డైరెక్టర్ గారు అన్నారు: “నువ్వు నవ్వుతూ వెళ్లి, వంగి, చెప్పులు తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టు.” నేను, “సార్, ఇందాక విసిరింది ఈ చెప్పులే కదా” అన్నాను. “అది కోపం, ఇది ప్రేమ” అన్నారు. “నువ్వు లేకుండా నేను బతకగలను అని పాట పాడిన పిల్ల సార్” అన్నాను. “జనం సంతోషంగా ఇంటికి వెళ్లాలమ్మా” అన్నారు. అందరి ముందూ అన్నారు. నేను ఇంకేం మాట్లాడలేదు.

ప్రదర్శన రోజు వంగాను. చెప్పులు పెట్టాను. హాలు దద్దరిల్లింది. అంత చప్పట్లు మళ్లీ నా జీవితంలో ఎప్పుడూ పడలేదు. మేకప్ గదికి మా అమ్మ వచ్చింది. అమ్మ నాటకాలు చూసే మనిషి కాదు, ఇంగ్లీషు రాదు, కథంతా మనుషుల్ని చూసి అర్థం చేసుకుంది. నా జడ విప్పుతూ, “అంత నేర్చుకుని మళ్లీ అక్కడికే ఎందుకు వెళ్లావే?” అంది. “డైరెక్టర్ గారు చెప్పారమ్మా” అన్నాను.

అది నా జవాబు. ఎలైజా జవాబు నా దగ్గర లేదు. నాకు ఈ రోజుకీ బాధ అదే. నాటకం తిరిగి వచ్చిన పిల్లతో ముగిస్తే తప్పని నేను అనను. ఆమె ఎందుకు వచ్చిందో ఆ వేషం వేసిన పిల్లకి తెలియాలి. తెలియకుండా వంగమన్నారు. ఇక్కడున్న డైరెక్టర్లందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను, దయచేసి ఎవరినీ తెలియకుండా వంగమనకండి.

2018లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో బార్ట్‌లెట్ షేర్ ఈ నాటకాన్ని మళ్లీ వేయించాడు. మాటలు అవే. హిగిన్స్ చెప్పులెక్కడని అడుగుతాడు. ఎలైజా దగ్గరికి వస్తుంది, ఆయన చెంప మీద చెయ్యి వేస్తుంది. తర్వాత వేదిక దిగి, ప్రేక్షకుల మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోతుంది. కొందరికి నచ్చలేదు, లెర్నర్ రాసింది ఇది కాదన్నారు. నాలాంటివాళ్లకి ఏడుపొచ్చింది. అర్థమైంది అని రాసిన చోట ఏం అర్థమైందో ఆ పిల్ల నడకలో చెప్పింది. మళ్లీ చెబుతున్నాను, ఒక్క మాట మార్చలేదు. 1914లో ఒక పూలగుత్తి చేసిన పనిని 2018లో రెండు కాళ్లు తిప్పేశాయి. అమ్మ అప్పటికి లేదు. ఉంటే ఆమెకు చెప్పేదాన్ని, చూడమ్మా, వెళ్లిపోయింది అని.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం.

ఎలైజా వేసే అమ్మాయి ఎక్కడ? అక్కడున్నావా. నిన్న రిహార్సల్‌లో నన్నడిగావు, “మేడమ్, చివర్లో నేను ఏం చెయ్యాలి?” అని. నేను చెప్పలేదు, నీకు కోపం కూడా వచ్చింది. ఇప్పుడు కూడా చెప్పను. చెప్పులు కుర్చీ పక్కనే పెట్టించాను. తీసిస్తావో, అక్కడే నిలబడతావో, వెళ్లిపోతావో, నీకు తెలిసి చెయ్యి.

మధ్య దారిలో కుర్చీలు వేసుకున్నవాళ్లు దయచేసి కొంచెం పక్కకి జరగండి. సంచులు కూడా లోపలికి లాక్కోండి. తలుపు దాకా దారి ఖాళీగా ఉండాలి.