ఇల్లు కూలకముందే మ్యాపులో ఉండాలి

అందరికీ నమస్తే. స్లైడ్లు ఏమీ తేలేదు, పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం టోంగా సంగతి ఒక్కటే మాట్లాడతాను.

2022 జనవరి 15న అక్కడ హుంగా టోంగా అగ్నిపర్వతం పేలింది. సునామీ వచ్చింది, ఊళ్ల మీద బూడిద పడింది, దేశాన్ని బయటి ప్రపంచంతో కలిపే, ఫిజీ నుంచి వచ్చే ఒకే ఒక్క సముద్రపు ఇంటర్నెట్ కేబుల్ తెగిపోయింది. టోంగా అంటే లక్షకు కాస్త పైన జనం, 170 దాకా దీవులు, అందులో మనుషులుండేవి 36. కేబుల్ బాగవడానికి ఐదు వారాలు పట్టింది. రాజధాని నుకుఅలోఫాలో ఉన్నవాళ్లకే పక్క దీవుల్లో ఎవరెలా ఉన్నారో వెంటనే తెలియలేదు, ఇక న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న బంధువుల టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి.

17న న్యూజిలాండ్ విమానం పైనుంచి ఫోటోలు తీసింది. ఐక్యరాజ్యసమితిలో శాటిలైట్ చిత్రాలు పరిశీలించే విభాగం యూనోశాట్ వాళ్లు ఆ చిత్రాల్లో నష్టం వెతుకుతూ కూర్చున్నారు. మాంగో అనే చిన్న దీవిలో ఇళ్లన్నీ పోయాయని, ఫోనోయిఫువాలో రెండే మిగిలాయని టోంగా ప్రభుత్వం చెప్పింది.

నేను ఆ "రెండే" దగ్గర ఆగిపోయాను. రెండే మిగిలాయి అనాలంటే అంతకుముందు ఎన్ని ఉండేవో తెలియాలి కదా! శాటిలైట్ ఫోటోలో బురద నేల కనిపిస్తుంది, అక్కడ నిన్నటిదాకా పది ఇళ్లున్నాయా, కొబ్బరితోట ఉందా అన్నది పాత మ్యాపు ఉంటేనే తేలుతుంది, అది లేకపోతే పడవలో ఎన్ని టార్పాలిన్లు వేయాలో కూడా అంచనాకు అందదు. పైగా మబ్బు, బూడిద కమ్మితే మామూలు కెమెరాకు ఏమీ కనపడదు. రాడార్ వాటిలోంచి చూడగలదు కానీ, చిన్న ఇంటిని గుర్తుపట్టడం దానికీ కష్టమే.

అందుకే ముందే గీయాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఎవరైనా గీయగలిగే ఆన్‌లైన్ మ్యాపు ఉంది, అందులో ప్రాంతాన్ని గళ్లుగా విడగొడతారు, ఒకరు శాటిలైట్ ఫోటోలో ఇంటి కప్పులు చూసి ఇళ్లు గీస్తే ఇంకొకరు సరిచూస్తారు. 2010లో హైతీ భూకంపం తర్వాత వందల మంది ఇళ్లలో కూర్చునే ఇలా రోడ్లు గీశారు, అక్కడ పనిచేసిన సహాయ బృందాలు ఆ మ్యాపే వాడాయి.

అయితే పైనుంచి గీసేవాళ్లకి అన్నీ తెలియవు. టోంగాలో చాలామంది కప్పు మీద పడిన వాననీళ్లే పట్టుకుని తాగుతారు, బూడిద పడగానే ఆ నీళ్ల మీదే భయం మొదలైంది. ఏ తొట్టికి మూత ఉంది, పడవ ఏ ఒడ్డున ఆగుతుంది, ఆ ఒడ్డుని ఊళ్లో ఏమని పిలుస్తారు, ఇవి అక్కడివాళ్లే చెప్పాలి, వాళ్లని అడగకుండా చేసిన మ్యాపుని నేను సగం మ్యాపే అంటాను.

సాయంత్రం ల్యాబ్ తెరిచే ఉంటుంది. వచ్చి తలా ఒక గడి తీసుకోండి, గీయడం నేను దగ్గరుండి చూపిస్తాను.