ఉద్దానం అని వెతికితే దొరకని వ్యాసాలు

హోస్ట్: నమస్కారం. ఒక మంచి పరిశోధన వ్యాసం చేతికొచ్చింది, దానికి దగ్గర సంబంధమున్న మిగతా వ్యాసాలు పట్టుకోవడం ఎలా? ఇవాళ్టి ఎపిసోడ్ దీని గురించే. శ్రీకాకుళంలో చాలా ఏళ్లు కాలేజీ లైబ్రరీ చూసుకుని రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారం అమ్మా.

హోస్ట్: ఎచ్చెర్లలో పీజీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ప్రాజెక్టు చేస్తోంది. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఉద్దానం అని వెతికితే వచ్చినవన్నీ చదివేసిందట. ఇంకేమీ లేవా అంటోంది.

మాస్టారు: బోలెడన్ని ఉన్నాయమ్మా. కాకపోతే వాటిలో ఉద్దానం అనే మాట ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి కదా. ఇలాంటి జబ్బే శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రం వరి రైతుల్లో ఉంది. మధ్య అమెరికాలో, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీల్లో ఉంది. అక్కడి డాక్టర్లు దాన్ని మీసోఅమెరికన్ నెఫ్రోపతి అన్నారు. శ్రీలంక గురించి రాసినవాళ్లు సీకేడీయూ అంటారు, అంటే కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, తాగే నీళ్లు, పురుగుమందులు, ఇలా అన్నిటి మీదా అనుమానం ఉంది, ఫలానాదే కారణమని మాత్రం తేలలేదు. అలాంటప్పుడు నికరాగువా చెరకు తోటలో ఏం తేలిందో చదవకుండా కవిటి గురించి రాస్తే ఆ ప్రాజెక్టు సగమే అవుతుంది.

హోస్ట్: కానీ మాస్టారూ, ఆ పేర్లు తెలిస్తేనే కదా వెతికేది? తెలియనివాళ్ల సంగతేంటి?

మాస్టారు: అందుకే మాటలు పట్టుకుని వెతకడం ఒక్కటే సరిపోదంటాను. వ్యాసాల మధ్య బంధుత్వం పట్టుకుని వెళ్లాలి. ఆ అమ్మాయి చదివిన ఉద్దానం వ్యాసం చివర రిఫరెన్సులు ఉంటాయి కదా. పిల్లలు ఆ పేజీ దగ్గరకొచ్చేసరికి చదవడం ఆపేస్తారు. నేనైతే ముందు అదే చదవమంటాను. ఒక్కో శీర్షికా చూస్తూ వెళ్తే సీకేడీయూ, మీసోఅమెరికన్ అనే మాటలు అక్కడే కనిపిస్తాయి. ఇంకా తేలిక కావాలంటే రివ్యూ ఆర్టికల్ ఒకటి తీసుకోవాలి. ఆ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి రాసేది అది.

హోస్ట్: రిఫరెన్సులు పట్టుకుంటే పాతవాటి దగ్గరికి వెళ్తాం. తర్వాత వచ్చినవి ఎలా?

మాస్టారు: స్కాలర్‌లో ప్రతి ఫలితం కింద ‘సైటెడ్ బై’ అని, పక్కన ఒక సంఖ్య ఉంటుంది. ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో ఆ జాబితా అది. ఇవాళ ఒక్క నొక్కుతో వస్తోంది కానీ దీని వెనక పెద్ద కథ ఉందమ్మా. అమెరికాలో 1873 నుంచీ లాయర్లకు షెపర్డ్స్ అనే సూచిక ఉండేది. పాత తీర్పును తర్వాత ఏ కోర్టులు ప్రస్తావించాయో అందులో చూసుకునేవారు. యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన, సైన్సుకు కూడా అలాంటిది ఉండాలని 1955లో వ్యాసం రాశారు. 1960ల మొదట్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. గూగుల్ స్కాలర్ వచ్చింది 2004లో. గార్ఫీల్డ్ పని తెలిస్తే ఆ చిన్న లింకు మీద గౌరవం కలుగుతుంది.

హోస్ట్: ఒక్కోదాని కింద వందల్లో ఉంటాయి మాస్టారూ. చూడగానే టెన్షన్ వస్తుంది.

మాస్టారు: ఆ జాబితా తెరిచాక పైన చిన్న గడి ఒకటి ఉంటుంది, ఉదహరించిన వ్యాసాల్లోనే వెతకడానికి. దాన్ని టిక్ చేసి ఆంధ్రప్రదేశ్ అని ఇంగ్లీషులో కొట్టాలి. మధ్య అమెరికా మీద వచ్చిన పేరున్న వ్యాసం ఒకటి తీసుకుని ఇలా చేస్తే, దాన్ని చదివి మన జిల్లా గురించి రాసినవాళ్లు బయటపడతారు. నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇది.

హోస్ట్: ‘రిలేటెడ్ ఆర్టికల్స్’ అని ఇంకో లింకు ఉంటుంది కదా, దాన్ని నమ్మొచ్చా?

మాస్టారు: నమ్మొచ్చు, కానీ ఎలా లెక్క కడుతుందో తెలుసుకుని వాడాలి. వైద్యానికి పబ్‌మెడ్ ఉంది, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్లది, ఉచితం. అందులో ‘సిమిలర్ ఆర్టికల్స్’ అని చూపిస్తుంది. శీర్షికలో, సారాంశంలో ఉన్న మాటలు, మెష్ అనే విషయ శీర్షికలు, ఇవి రెండు వ్యాసాల్లో ఎంతవరకు కలుస్తున్నాయో చూస్తుంది. ఇంకో దారి మాటల జోలికే పోదు. రెండు పెళ్లిళ్లకూ వచ్చిన చుట్టాలు చాలామంది ఒకరే అయితే ఆ రెండిళ్లకూ సంబంధం ఉందనుకుంటాం కదా? అలాగే రెండు వ్యాసాల చివర రిఫరెన్సులు చాలావరకు ఒకటే అయితే అవి ఒకే విషయం మాట్లాడుతున్నట్టు. 1963లో కెస్లర్ చెప్పిన పద్ధతి ఇది. 1973లో హెన్రీ స్మాల్ ఇంకోవైపు నుంచి చూశారు, రెండు వ్యాసాలను కలిపి మూడోవాళ్లు ఎన్నిసార్లు ఉదహరించారని.

హోస్ట్: ఇదంతా సైన్సువాళ్లకు. విజయనగరం నుంచి చరిత్ర, సాహిత్యం చదివేవాళ్లు కూడా మన శ్రోతలే.

మాస్టారు: వాళ్లకు కష్టం ఎక్కువమ్మా, ఒప్పుకోవాలి. 1924లో మొదలైన భారతి పత్రికలో మన ప్రాంతం మీద ఎవరైనా మంచి వ్యాసం రాసి ఉంటే, దాన్ని తర్వాత ఎవరు ఉదహరించారో చెప్పే సూచిక తెలుగులో లేదు. అక్కడ ఫుట్‌నోట్లే దారి. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఒక్క థీసిస్ చివర గ్రంథ సూచి చూస్తే, ఒక మనిషి కొన్నేళ్లు తిరిగి వెతికిందంతా అక్కడుంటుంది. ఇంకోటి, పాత రచనల్లో మన ఊరు శ్రీకాకుళం కాదు, చికాకోల్. తూర్పు గాంగ రాజుల రాగి శాసనాలు చికాకోల్ పేరుతోనే అచ్చయ్యాయి. 1936 దాకా ఈ తాలూకా గంజాం జిల్లాలో ఉండేది, కాబట్టి గంజాం అనీ వెతకాలి.

హోస్ట్: కథల మీద పనిచేసేవాళ్లకైతే తెలుగు కథల లైబ్రరీ కథానిలయం ఉంది.

మాస్టారు: మనకు దొరికిన అదృష్టం అది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఇక్కడే పెట్టారు. ఏ కథ, ఎవరిది, ఏ పత్రికలో, ఎప్పుడు అని ఓపికగా రాసి పెట్టడం ఎంత పనో ఆలోచించండి. గార్ఫీల్డ్ సైన్సుకు చేసిన సేవకు ఇది తక్కువని నేననుకోను. తెలుగులో వ్యాసాలకూ ఎవరైనా పూనుకుంటే బాగుండును.

హోస్ట్: ఇప్పుడు పిల్లలు చాట్‌బాట్‌ని అడిగేస్తున్నారు, రిఫరెన్సులివ్వమని.

మాస్టారు: అడగొద్దనను. కానీ అది లేని వ్యాసాలకు కూడా శీర్షిక, రచయిత, సంవత్సరం కల్పించి ఇస్తుంది, చూడటానికి అచ్చం నిజమైనట్టే ఉంటాయి. ప్రతి శీర్షికనూ స్కాలర్‌లోనో పబ్‌మెడ్‌లోనో వెతికి, వ్యాసం తెరిచి చదివాకే రాసుకోవాలి. చదవనిది ఉదహరించడం చాలా తప్పు. కిడ్నీ జబ్బు లాంటి విషయంలో మరీ తప్పు, ఆ రాసింది చదివి రేపు ఎవరో నిర్ణయాలు తీసుకుంటారు.

హోస్ట్: తెరవబోతే డబ్బులు కట్టమంటుంది కదా?

మాస్టారు: స్కాలర్‌లో ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే ఉచిత ప్రతి ఉందేమో తెలుస్తుంది. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీలు, కాలేజీల్లో చదివేవాళ్లకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, దానికింద ఉన్నాయి. మీ కాలేజీ లైబ్రేరియన్‌ని అడగండి, మొహమాటపడకండి. అడిగేవాళ్ల కోసమే అక్కడ కూర్చుంటారు.

హోస్ట్: చివరిగా, ఎక్కడ ఆపాలి మాస్టారూ? వెతుకుతూ పోతే అంతుండదు.

మాస్టారు: కొత్త వ్యాసం తెరిచి రిఫరెన్సులు చూస్తే అన్నీ చదివినవే కనిపిస్తున్నాయనుకోండి, అప్పుడు రాయడం మొదలుపెట్టొచ్చు. ముఖ్యమైన వ్యాసానికి స్కాలర్‌లో అలర్ట్ పెట్టుకుంటే, దాన్ని ఎవరైనా కొత్తగా ఉదహరించినప్పుడు మెయిల్ వస్తుంది.