పప్పు నీళ్లయితే అన్నం బకెట్‌లో పడుతుంది
(మధ్యాహ్న భోజనం వండే అక్కలకు, హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులకు జరిగిన మండల స్థాయి శిక్షణలో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వండేవాళ్లు, లెక్క రాసేవాళ్లు, తినే పిల్లల తల్లిదండ్రులు ఒకే గదిలో కూర్చోవడం అరుదు. కాబట్టి పథకం చరిత్రతో మీ సమయం తినను. రెండు ముక్కలు చాలు. బడిలో వండి పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది, మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. పేర్లు తర్వాత చాలా మారాయి. కేంద్రం 2021లో పీఎం పోషణ్ అంది. ఆంధ్రలో గోరుముద్ద అయింది, 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు వచ్చింది. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా వండి వడ్డించిన ఇల్లాలి పేరు అది. ఆ పేరు పెట్టుకున్నాక పళ్లెంలో పప్పు ఎలా ఉందో చూసుకోక తప్పదు.

అందుకే ఈరోజు నా మాటంతా పప్పు గురించే. ఆరోగ్యం, న్యాయం, పర్యావరణం అని మూడు పెద్ద మాటలు ఆహ్వాన పత్రంలో వేశారు. ఆ మూడూ పప్పు గుండిగ దగ్గరే కలుస్తాయి.

భోజనం అయ్యాక ఏ బడిలోనైనా పిల్లలు పళ్లేలు కడుక్కునే చోటికి వెళ్లి బకెట్‌లోకి చూడండి. ఉండేది ఎక్కువగా అన్నమే. అదీ కలిపిన ముద్దలు కాదు, తెల్లన్నం. పిల్లలకు అన్నం సయించలేదనుకుంటాం. కలుపుకోవడానికి పప్పు చాలలేదన్నది అసలు సంగతి.

ఇప్పుడు కొలత చూద్దాం. ప్రాథమిక తరగతుల్లో తలకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఆరు నుంచి ఎనిమిది వరకు 150, 30, 75, ఏడున్నర. వంద మంది చిన్నపిల్లలంటే 10 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, 5 కిలోల కూరగాయలు, అర కిలో నూనె. పది కిలోల బియ్యం ఉడికితే ఇంచుమించు 28 కిలోల అన్నం. రెండు కిలోల పప్పు ముద్దపప్పులా ఉడికితే ఎనిమిది, తొమ్మిది కిలోలకు మించదు. ఒక్కో పిల్లకు 280 గ్రాముల అన్నం, దాని మీద 90 గ్రాముల పప్పు. చాలదు. చాలదు కాబట్టే అక్క ఇంకో పది లీటర్లు నీళ్లు పోస్తుంది. పప్పు పలచగా ఉంటే ఎవరో తినేశారని ముందు అనుమానిస్తాం. చాలాచోట్ల కారణం ఈ కొలతే.

నీళ్లు పోస్తే ఏమవుతుంది? పప్పు అడుగుకు దిగుతుంది, నీరు పైకి తేరుకుంటుంది. వరసలో ముందున్న అరవై మందికి పసుపు నీళ్లు పడతాయి, చివరి నలభై మందికి పప్పు పడుతుంది. వండింది సరిగ్గా 2 కిలోలే అయినా, రాతలో అందరికీ 20 గ్రాములే అయినా, పళ్లెంలో ఒకరికి 8, ఒకరికి 35. కందిపప్పులో నూటికి 22 వంతులు మాంసకృత్తులు. 20 గ్రాముల పప్పు నాలుగున్నర గ్రాముల దాకా ఇస్తుంది, 100 గ్రాముల బియ్యం ఏడు, ఎనిమిది ఇస్తుంది. ఒక పూటకు పెట్టుకున్న లక్ష్యం 12 గ్రాములు. అంటే గుడ్డు లేని రోజున పప్పు మొత్తం పడితేనే లెక్క అంచుకు చేరుతుంది. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లకు ఇదేం పెద్ద నష్టం కాదు. పొద్దున టీ తాగి వచ్చిన పిల్లకు ఆ రోజుకు అదే పప్పు.

దీనికి రెండు పనులు చేయండి. ఒకటి, ఆకుకూరనో సొరకాయనో వేరే కూరగా వండకుండా పప్పులోనే వేయండి. 2 కిలోల పప్పు, 7 లీటర్ల నీళ్లు, 5 కిలోల పాలకూరో తోటకూరో సొరకాయో కలిస్తే 13 కిలోల దాకా వస్తుంది. తలకు 130 గ్రాములు. చిక్కగా ఉంటుంది, ముద్ద కలుస్తుంది. కూరగాయ ముక్కలు ఏరి పక్కన పెట్టే పిల్లలు కూడా మెదిగిన సొరకాయను ఏరలేరు. సాంబారు రోజున పప్పు బాగా మెదపండి, పలుకుగా ఉంటే అడుగుకు దిగుతుంది. రెండోది గరిటె. పైనుంచి ముంచొద్దు. అడుగు దాకా దించి ఒక తిప్పు తిప్పి పోయాలి, ప్రతి పళ్లేనికీ. వంద సార్లు తిప్పితే చెయ్యి లాగుతుంది, నిజమే. యాభై మంది కాగానే గరిటె రెండో అక్క తీసుకోవాలి. 26 నుంచి 100 మంది దాకా ఇద్దరు వంటవాళ్లుండాలన్నది నిబంధన. ఒకరితో నెట్టుకొస్తున్న బడి ఉంటే హెడ్మాస్టరు మండల విద్యాధికారికి కాగితం పెట్టాలి.

ఇక పప్పు ఉడకకపోవడం. నల్గొండ, ప్రకాశం, అనంతపురం వైపు వండేవాళ్లకు ఇది బాగా తెలుసు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పప్పు గింజను కట్టిపడేస్తాయి, గంటన్నర మరిగినా పలుకు పోదు. అప్పుడు వంటసోడా డబ్బా బయటికి వస్తుంది. సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ బీ1 విటమిన్ నాశనమవుతుంది, రుచి కూడా సబ్బులా మారుతుంది. బడిలో తాగడానికి ఫిల్టర్ నీళ్లుంటే పప్పుకు మాత్రం అవి వాడండి. వంద మందికి ఏడు లీటర్లే కదా. పొద్దున తొమ్మిదికి రాగానే మొదటి పని పప్పు కడిగి నానబెట్టడం. గంట నానితే చాలు. చింతపండు, టమాటా పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందు పడితే పప్పు మొండికేస్తుంది. మూత పెట్టండి. మూత లేని గుండిగ మరిగించేది పప్పును కాదు, వంటగది గాలిని. గ్యాస్ ఆదా, కట్టెల పొగ అంటూ మనం వేరే మాట్లాడేదంతా నానబెట్టడం, మూత, నీళ్లు అనే ఈ మూడింట్లోనే ఉంది. ఇంకో మాట, పులుసులు, సాంబారు అల్యూమినియం గిన్నెల్లో నిలవ ఉంచొద్దు. పులుపు లోహాన్ని తింటుంది. స్టీలు గుండిగ లేకపోతే ముందు దానికోసం అడగండి, రంగుల బొమ్మల గోడ తర్వాత.

బియ్యం విషయానికొస్తే, మీ బడికి పోషకాలు కలిపిన బియ్యం వస్తే ఇది గుర్తుంచుకోండి. వంద గింజలకు ఒక గింజ చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చిన గింజ ఉంటుంది. బియ్యప్పిండికి విటమిన్లు కలిపి మరలో ఒత్తిన గింజ అది, అందుకే కొంచెం తేలిగ్గా, కొంచెం పసుపుగా ఉంటుంది. కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని వాటినే ఏరి పారేస్తారు. ఏరొద్దు. రెండుసార్లకు మించి కడగొద్దు. గంజి వారిస్తే కొంత బలం గంజితో పోతుంది, అత్తెసరు పెట్టడం మేలు. పాత బియ్యానికి కిలోకు రెండు లీటర్లు, కొత్త బియ్యానికి కాస్త తగ్గించి. పది కిలోలు ఒకే గుండిగలో అత్తెసరు పెడితే అడుగు మాడుతుంది, పైన పలుకు. ఆ భయంతోనే అందరూ వారుస్తారు. అయిదేసి కిలోలు రెండు గుండిగల్లో పెట్టి, నీరు ఇంకగానే మంట తీసేసి పావుగంట మూత తీయకుండా ఉంచండి. రెండో గుండిగ లేని చోట వారిస్తే వార్చండి, ఆ గంజిని మాత్రం పారబోయక చారులో కలపండి.

రాగిజావ మీద నాకు కొంచెం వేరే అభిప్రాయం ఉంది. ఆంధ్రలో 2023 నుంచి ఇస్తున్నారు, మంచిదే. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. కానీ తలకు 10 గ్రాముల పిండి వేసే జావలో వచ్చేది 35 మిల్లీగ్రాములే. పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకు అది ఊరట. ఎముకలకు బలమంటూ గొప్పలు చెప్పుకునేంత కాదు. రాయలసీమలో వారానికొకసారి అన్నం తగ్గించి సంగటి పెట్టగలిగితే అసలు లాభం అక్కడుంది, నీళ్లు తక్కువ తాగే పంటకు ఊళ్లోనే గిరాకీ కూడా వస్తుంది. జావ ఉండ కడితే పిల్లలు ముట్టరు. పిండిని ముందు చల్లటి నీళ్లలో జారుగా కలిపి, మరిగే నీళ్లలో తిప్పుతూ పోయాలి. వేడి నీళ్లలో పొడి పిండి చల్లితే ఉండలు తప్పవు.

పెరటితోట గురించి ఆశ తక్కువ పెట్టుకోండి. వంద మందికి రోజుకు 5 కిలోలంటే 220 పనిదినాలకు 1,100 కిలోలు. ఏ బడి ఆవరణా అంత పండించదు. రెండు మునగచెట్లు, కరివేపాకు, బచ్చలి పందిరి, బియ్యం కడిగిన నీళ్లు పారే చోట గోంగూర ఉంటే చాలు.

డబ్బు సంగతి దాటేస్తే ఇదంతా గాలిమాటే. 2025 మే 1 నుంచి ప్రాథమిక తరగతులకు తలకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతులకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం విడిగా ఉచితం. కందిపప్పు కిలో 120 అనుకోండి, 20 గ్రాములకు 2.40. కూరగాయలు కిలో 40 అయితే 2 రూపాయలు. నూనె కిలో 140 అయితే 70 పైసలు. 5.10 అయిపోయింది. మిగిలిన 1.68లో ఉప్పు, కారం, చింతపండు, గ్యాస్. టమాటా కిలో 80కి చేరిన నెలలో ఏం తగ్గుతుందో మీకే తెలుసు. బిల్లులు మూడు నెలలు ఆగితే అక్క కిరాణా కొట్లో అప్పు పెడుతుంది. అప్పుకు ఇచ్చేవాడు పాత పప్పే ఇస్తాడు. పాత పప్పు ఉడకదు, మళ్లీ సోడా. గౌరవ వేతనంలో కేంద్రం లెక్క 2009 నుంచి నెలకు 1,000 రూపాయలే, అదీ ఏడాదికి 10 నెలలకు. మన రెండు రాష్ట్రాలూ సొంత డబ్బు కలిపి 3,000 చేశాయి. ఆ మొత్తానికి వండేవాళ్ల మీద ‘నాణ్యత’ అని గొంతు పెంచే ముందు, వాళ్ల బిల్లు ఏ టేబుల్ మీద ఆగిందో కనుక్కోవడం హెడ్మాస్టరు పని.

న్యాయం అంటే ఇంకొకటి కూడా ఉంది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఫలానా అక్క వండితే మా పిల్లలు తినరు అని ఎవరైనా వస్తే, కమిటీ ఆ అక్కను మార్చడం పరిష్కారం కాదు, అది చట్టానికి ఎదురు నడవడం. అక్కడే కూర్చుని పంతులు గారు, కమిటీ వాళ్లు అదే అన్నం తినండి. వడ్డనకు ముందు రుచి చూడాలన్న నిబంధన ఎలాగూ ఉంది. 2013 జూలై 16న బిహార్‌లోని గండామన్‌లో 23 మంది పిల్లలు చనిపోయారు, నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా వంటగది గడప దాటనివ్వొద్దు.

చివరగా బకెట్. సంతలో దొరికే వేలాడే కాటా ఒకటి కొనండి. రెండు బకెట్లు పెట్టండి. గుండిగలో మిగిలిన అన్నం ఒకదాంట్లో, పళ్లేల్లోంచి వచ్చింది ఇంకోదాంట్లో. రెంటినీ కలిపి తూస్తే ఏమీ తెలియదు. గుండిగలో మిగిలితే హాజరు లెక్క తప్పింది. సంక్రాంతి సెలవుల మర్నాడు రిజిస్టర్‌లో పేర్లను బట్టి బియ్యం కొలిస్తే అంతే, పదింటికి తలలు లెక్కపెట్టాకే కొలవాలి. పళ్లెంలో మిగిలితే తప్పు వడ్డనది, లేదా పప్పుది. ఒకటో తరగతి పాపకూ అయిదో తరగతి అబ్బాయికీ లెక్కలో 100 గ్రాములే కదా అని ఇద్దరికీ ఒకే గరిటెడు వేస్తున్నాం. పాపకు సగం వేయండి, మారు అడిగితే వేయండి. ఆ మిగిలింది అయిదో తరగతి మారుకు సరిపోతుంది.

రెండు వారాలు వంటగది గోడ మీద సుద్దతో నాలుగే అంకెలు రాయండి. ఎంతమంది తిన్నారు, పప్పు ఎంత వేశారు, గుండిగలో ఎంత మిగిలింది, పళ్లేల్లో ఎంత మిగిలింది. వచ్చే సమావేశానికి ఆ అంకెలతో రండి.

వంట అక్కలు ఇప్పటిదాకా వింటూ కూర్చున్నారు. మైకు ముందు వాళ్ల వరసకే ఇవ్వండి.