ఆదివారం మంచు తుఫాను: ఫోన్-ఇన్‌లో మీ ప్రశ్నలు

(శుక్రవారం సాయంత్రం ప్రసారమైన కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, న్యూయార్క్, కనెటికట్, మసాచుసెట్స్ వైపు మంచు తుఫాను రావచ్చని అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ ఈ పూట వింటర్ స్టార్మ్ వాచ్ ఇచ్చింది. పొద్దుటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒకరు పద్నాలుగు అంగుళాలంటున్నారు, ఇంకొకరు ఏమీ పడదంటున్నారు. చాలా ఏళ్లుగా ఈ తీరం వాతావరణ అంచనాల పనిలోనే ఉన్న నిపుణుడు ఇవాళ మనతో ఉన్నారు. సర్, ముందు అసలు ఏం వస్తోందో చెప్పండి.

నిపుణుడు: నమస్కారం అండి. ఒక అల్పపీడనం ఇప్పుడు పడమర నుంచి ఒహాయో లోయ వైపు వస్తోంది. అది అక్కడికి చేరి నీరసపడుతుంది. అదే సమయానికి వర్జీనియా, కరోలినాల తీరం దగ్గర సముద్రం మీద ఇంకొకటి పుడుతుంది. అక్కడ గల్ఫ్ స్ట్రీమ్ అని వెచ్చటి నీటి ప్రవాహం ఉంది కదా, తేమ అక్కడి నుంచి అందుతుంది. పైన కెనడాలో క్యూబెక్ దగ్గర అధిక పీడనం కూర్చుని చల్లగాలిని మన మీదికి తోస్తూ ఉంటుంది. ఈ రెండూ కలిసిన చోట తుఫాను బలపడుతుంది. తీరంలో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి నార్ఈస్టర్ అంటారు. ఆ రెండో అల్పపీడనం ఎక్కడ పుడుతుంది, ఎన్నింటికి పుడుతుంది అన్నదాని మీదే మన ఊళ్ల అంకెలన్నీ ఆధారపడి ఉన్నాయి.

యాంకర్: మొదటి కాల్ ఎడిసన్ నుంచి. చెప్పండి అన్నా.

కాలర్ (ఎడిసన్): నమస్తే అండి. నా ఫోన్‌లో ఒక యాప్ 14 ఇంచెస్ అంటోంది. మా ఆవిడ ఫోన్‌లో ఇంకో యాప్ 4 అంటోంది. మధ్యాహ్నం చూస్తే నాది 9 అయింది. ఏది నమ్మాలి సర్?

నిపుణుడు: రెండూ పక్కన పెట్టండి అన్నా. చాలా యాప్‌లలో కనిపించే అంకె కంప్యూటర్ మోడల్ కక్కిన లెక్క. మధ్యలో మనిషి కూర్చుని సరిచూసింది కాకపోవచ్చు. మోడల్ మళ్లీ నడిచినప్పుడల్లా అంకె మారుతుంది. అమెరికా మోడల్ ఒకటి చెప్తుంది, యూరప్ మోడల్ ఇంకొకటి చెప్తుంది.

ఎందుకు మారుతుందో కూడా చెప్తాను. ఈ తుఫానుకి విత్తనం లాంటి కదలిక నిన్నటి దాకా పసిఫిక్ సముద్రం మీద ఉంది. అక్కడ మనకి కొలతలు తక్కువ. అది నేల మీదికి వచ్చాక దేశమంతటా వదిలే బెలూన్లు దాని గాలిని, తేమని, వేడిని కొలుస్తాయి. మన టైమ్ ప్రకారం పొద్దున్న 7కి ఒకసారి, రాత్రి 7కి ఒకసారి వదులుతారు. ఆ కొలతలు మోడల్‌లోకి వెళ్లాక అంకెలు స్థిరపడతాయి. అందుకని గంటకోసారి యాప్ తెరవకండి. ఇవాళ రాత్రి పడుకునే ముందు ఒకసారి, రేపు మధ్యాహ్నం ఒకసారి చూస్తే చాలు.

కాలర్: మరి అంకె ఎక్కడ చూడాలి సర్?

నిపుణుడు: వెదర్ సర్వీస్ వాళ్ల సైట్‌లోనే. ఎడిసన్ మౌంట్ హోలీ ఆఫీసు కిందికి వస్తుంది. అదే జెర్సీ సిటీ వాళ్లయితే లాంగ్ ఐలాండ్‌లోని అప్టన్ ఆఫీసు చూడాలి. అక్కడ మంచు మ్యాపులు మూడు ఉంటాయి. మధ్యది వాళ్లు అనుకుంటున్నది. రెండోది తక్కువ అంచనా, అంటే పదింట తొమ్మిది వంతులు అంతకంటే ఎక్కువే పడుతుందని. మూడోది ఎక్కువ అంచనా, అంతకు మించి పడే అవకాశం పదింట ఒక వంతే. ఉదాహరణకి మధ్య మ్యాప్‌లో 8 ఉండి, కిందిది 2, పైది 15 అయితే వాళ్లకే ఇంకా తేలలేదని అర్థం. కిందిది 6, పైది 11 అయితే ధైర్యంగా ప్లాన్ చేసుకోవచ్చు. దయచేసి మూడూ చూడండి. ఇది నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, ఇంకా చెప్తూనే ఉంటాను.

యాంకర్: ఎడిసన్‌కి ఇంత తేడా ఎందుకు వస్తుంది సర్? కొంచెం పైన ఉన్న వాళ్లకి ఇంత గందరగోళం ఉండదు కదా.

నిపుణుడు: తీరం పొడవునా పెద్ద నగరాల మీదుగా పోయే ఐ-95 హైవే ఉంది చూడండి, దాదాపు దాని వెంబడే వానకీ మంచుకీ మధ్య గీత పడుతూ ఉంటుంది. తుఫాను తీరానికి దగ్గరగా పోతే సముద్రం మీది వెచ్చటి గాలి లోపలికి వచ్చి వాన అవుతుంది. మరీ దూరంగా పోతే అసలు తాకదు. నాంటుకెట్ దీవికి కొద్దిగా కిందుగా, 40 డిగ్రీల అక్షాంశం, 70 డిగ్రీల రేఖాంశం కలిసే చోటు మాకు గురుతు. దాని మీదుగా పోతే పెద్ద నగరాలకి మంచు బాగా పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు అది ఒంగోలు దగ్గర తీరం దాటుతుందా, మచిలీపట్నం దగ్గరా అని మన పెద్దవాళ్లు రేడియో దగ్గర కూర్చునేవారు కదా, ఇదీ అలాంటిదే. యాభై మైళ్ల తేడా చాలు.

ఇంకొకటి. మామూలుగా అంగుళం నీరు పది అంగుళాల మంచు అవుతుంది. గడ్డకట్టే వేడిమికి దగ్గరగా ఉంటే ఐదే అవుతుంది, అది తడి మంచు, బరువు. గట్టి చలిలో ఇరవై కూడా అవుతుంది, దూదిలా ఉంటుంది. నీటి లెక్క సరిగ్గా కట్టినా అంగుళాలు తప్పడానికి అదొక కారణం.

యాంకర్: 2015 జనవరిలో న్యూయార్క్‌కి రెండు మూడు అడుగులన్నారు. సబ్‌వే కూడా ఆపేశారు. చివరికి అంత పడలేదు. అప్పటి నుంచి చాలామంది ఈ హెచ్చరికలు నమ్మరు.

నిపుణుడు: అవునండి, అది మా అందరికీ బాధ కలిగించిన రోజు. సెంట్రల్ పార్క్‌లో 9.8 అంగుళాలు పడింది. మౌంట్ హోలీ ఆఫీసు అధిపతి ప్రజలకి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కానీ ఆ తుఫాను ఉత్తదని అనకండి. అదే తుఫాను మసాచుసెట్స్‌లో వూస్టర్ మీద 34.5 అంగుళాలు కురిపించింది. మంచు పట్టీ కొంచెం తూర్పుకి జరిగింది, అంతే. సరిగ్గా ఏడాదికి, 2016 జనవరిలో అదే సెంట్రల్ పార్క్‌లో 27.5 పడింది. అక్కడ అంతకు ముందెప్పుడూ అంత పడలేదు. ఒకసారి తప్పిందని రెండోసారి బయల్దేరిపోయిన వాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

యాంకర్: తర్వాతి కాల్ ఒక విద్యార్థి నుంచి.

కాలర్ (లోవెల్ విద్యార్థి): హలో అండి. నేను మసాచుసెట్స్ లోవెల్‌లో చదువుతున్నాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఫ్రెండ్ వాళ్లింట్లో ఉన్నా. సోమవారం పొద్దున ల్యాబ్ ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే రాత్రి ఏడింటికల్లా చేరిపోతాం. మంచు బోస్టన్ వైపు రాత్రికి గానీ మొదలవదంటున్నారు. పర్లేదా సర్?

నిపుణుడు: వద్దు బాబూ. మీరూ తుఫానూ ఒకే దారిలో, ఒకే దిక్కుకి వెళ్తున్నారు. అది కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే వస్తుంది. మీరు బయల్దేరే సరికి వెనక మొదలవుతుంది, కనెటికట్‌లో ట్రాఫిక్ ఆగితే మిమ్మల్ని అందుకుంటుంది. ఈ తుఫానుల్లో సన్నటి పట్టీలు పడతాయి. వాటి కింద గంటకి రెండు మూడు అంగుళాలు కురుస్తుంది. అంత వేగంగా పడితే మంచు తోసే ప్లౌ బండ్లు తీసిన రోడ్డు వెనకే మూసుకుపోతుంది.

1978 ఫిబ్రవరిలో బోస్టన్ చుట్టూ ఉన్న రూట్ 128 మీద మూడు వేలకు పైగా కార్లు మంచులో కూరుకుపోయాయి. వాళ్లలో చాలామంది ఆఫీసుల నుంచి ఇళ్లకి బయల్దేరిన వాళ్లే. బండ్లలోనే కొందరు చనిపోయారు. చలికి కాదు బాబూ, సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోయి, పొగ లోపలికి వచ్చి.

కాలర్: అయితే రేపే వెళ్లిపోనా?

నిపుణుడు: రేపు పగలు వెళ్లండి. లేదంటే మంగళవారం. ప్రొఫెసర్‌కి ఇవాళే మెయిల్ పెట్టండి, ఏమీ అనుకోరు. ఒకవేళ ఎప్పుడైనా ఇరుక్కుంటే బండి దిగి నడవకండి, పది అడుగుల్లో దారి తప్పుతారు. ముందు గొట్టం చుట్టూ మంచు తీయండి. గంటకి పది నిమిషాలే ఇంజన్ వేయండి, గాలి వీచని వైపు అద్దం కొద్దిగా దించండి. ఇంకో మాట, బయల్దేరే ముందు కారు టాప్ మీద మంచు ఉంటే మొత్తం దులపండి. న్యూజెర్సీలో అది చట్టం. దులపకపోతే 25 నుంచి 75 డాలర్ల ఫైన్, ఆ గడ్డ ఎగిరి ఎవరికైనా తగిలితే వెయ్యి దాకా.

యాంకర్: బాబూ, చేరాక మీ అమ్మగారికి ఫోన్ చేయండి. తర్వాతి కాల్ పెన్సిల్వేనియా, హారిస్‌బర్గ్ దగ్గర నుంచి.

కాలర్ (హారిస్‌బర్గ్): నమస్తే అండి. మాకు మంచు మూడు అంగుళాలే, ఆ తర్వాత స్లీట్, ఫ్రీజింగ్ రెయిన్ అని రాశారు. మాకు తక్కువే కదా అని ఊపిరి పీల్చుకున్నాం. ఇంట్లో ఆరు నెలల పాప ఉంది.

నిపుణుడు: అమ్మా, మీ గురించే నాకు ఎక్కువ దిగులు. కిందా పైనా చల్లగాలి ఉండి, మధ్యలో ఐదు వేల అడుగుల ఎత్తు దగ్గర వెచ్చటి పొర దూరుతుంది. మంచు అక్కడ కరిగి నీరవుతుంది. కింద చల్లటి పొర మందంగా ఉంటే మళ్లీ గడ్డకట్టి స్లీట్‌గా పడుతుంది, అద్దం మీద చక్కెర పలుకుల్లా చప్పుడవుతుంది. పొర పల్చగా ఉంటే నీరుగానే పడి, తాకిన చోటల్లా గడ్డకడుతుంది. అదే ఫ్రీజింగ్ రెయిన్. పావు అంగుళం పేరుకున్నా కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడతాయి. మంచు అంగుళాలు తక్కువని చూసి తేలిగ్గా తీసుకోకండి.

కాలర్: కరెంటు పోతే పాపతో ఎలా అండి? గ్యాస్ హీటరే కదా, పనిచేస్తుందా?

నిపుణుడు: ఫర్నేస్ గ్యాస్‌దైనా దాని ఫ్యాన్, బోర్డు కరెంటుతోనే నడుస్తాయి, ఆగిపోతుంది. కరెంటు ఎక్కువసేపు పోయేలా ఉంటే రోడ్లు గడ్డకట్టకముందే, ఆదివారం పొద్దున్నే, జనరేటర్ ఉన్న బంధువులింటికి వెళ్లడం మంచిది. ఇంట్లోనే ఉంటే అందరూ ఒకే గదిలో ఉండండి. పాప మీద బరువు దుప్పట్లు కప్పకండి, బట్టలే ఒకదాని మీద ఒకటి వేయండి. పాలు కలపడానికి వేడినీళ్లు ఫ్లాస్కుల్లో పోసి పెట్టుకోండి. ఫ్రిజ్ తెరవకపోతే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లగా ఉంటాయి.

ఇప్పుడు చెప్పేది అందరూ వినండి. చలి కాచుకోవడానికి బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి గానీ, తలుపు తీసి ఉన్నా సరే గరాజ్‌లోకి గానీ తేవద్దు. జనరేటర్ ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, ఫ్లూ అనుకుని పడుకుంటారు. డిటెక్టర్ బ్యాటరీలు ఇవాళే చూడండి. కొత్త ఫర్నేసులకి గోడ పక్కన తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు రెండు బయటికి వచ్చి ఉంటాయి, మంచు వాటిని మూసేస్తే కూడా ప్రమాదమే. చాలామందికి అవెక్కడున్నాయో తెలియదు. వెలుగు ఉండగా చుట్టూ తిరిగి చూసుకోండి.

కాలర్: చూసుకుంటానండి. ఇవాళే చూస్తాం.

యాంకర్: ఇంకో కాలర్. ఆదివారం రాత్రి నెవార్క్ నుంచి హైదరాబాద్‌కి టికెట్ ఉందట, మార్చుకోవాలా అని అడుగుతున్నారు.

నిపుణుడు: ఎయిర్‌లైన్ సైట్‌లో ట్రావెల్ వేవర్ ఇచ్చారేమో చూడండి. ఇస్తే డబ్బు కట్టకుండా ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. జరిపేదేదో సీట్లు ఉండగానే జరపండి.

యాంకర్: చివరి కాల్ పార్సిప్పనీ నుంచి. చెప్పండి అక్కా.

కాలర్ (పార్సిప్పనీ): సర్, మా నాన్నగారు ఊరి నుంచి వచ్చారు. అరవై ఎనిమిదేళ్లు, మూడేళ్ల కింద స్టెంట్ వేశారు. మా ఆయన టూర్‌లో ఉన్నారు. డ్రైవ్‌వే నేనే తీస్తానని షాపు నుంచి పార కూడా తెప్పించారు. నేను చెప్తే వినడం లేదు, టెన్షన్‌గా ఉంది.

నిపుణుడు: ఫోన్ ఒకసారి ఆయనకి ఇస్తారా అమ్మా?

కాలర్ తండ్రి: ఆ, చెప్పండి బాబూ. పొలం పని చేసిన ఒళ్లు నాది. గంటసేపు పార పట్టలేనా?

నిపుణుడు: పట్టగలరు బాబాయ్ గారు, కానీ ఇది పొలం పని లాంటిది కాదు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. తడి మంచు బరువు, దాన్ని చేతుల బలంతో ఊపిరి బిగబట్టి ఎత్తుతారు. గుండెకి రక్తం కావలసినప్పుడే అందదు. ప్రతి తుఫానుకీ ఇక్కడ పార పట్టుకునే కుప్పకూలిన వాళ్లుంటారు. అంబులెన్స్ రావడానికి కూడా రోడ్డు ఉండదు.

కాలర్ తండ్రి: మరి పిల్ల ఒక్కతే ఎలా తీస్తుంది?

నిపుణుడు: మంచు తీసే వాళ్లని ఇవాళే మాట్లాడుకోమనండి. దొరక్కపోతే అమ్మాయిని మూడు నాలుగు అంగుళాలు పడినప్పుడల్లా కొంచెం కొంచెంగా, ఎత్తకుండా పక్కకి తోయమనండి. మీరు కిటికీ దగ్గర కూర్చుని తను బయట ఉన్నంతసేపూ చూస్తూ ఉండండి. చేయి గానీ దవడ గానీ నొప్పంటే వెంటనే లోపలికి పిలవండి.

కాలర్ తండ్రి: చూస్తాను. ఇదిగోనమ్మా, ఈ పార నువ్వే ఉంచుకో.

యాంకర్: రేపు సాయంత్రం ఇదే సమయానికి కొత్త అంకెలతో వస్తాం. వాచ్ అంటే రావచ్చని, వార్నింగ్ అంటే దాదాపు ఖాయమని. మీ కౌంటీకి రాత్రిలోగా వార్నింగ్ వస్తే ప్రయాణాలు రేపు మధ్యాహ్నంలోగా ముగించుకోండి.