సణుగుడు వినగలిగిన సంఘం

(సంఘ పెద్దలు, స్త్రీల సమాజం సభ్యుల కూడికలో చేసిన ప్రసంగం)

పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, వెనక వరసలో కూర్చున్న యవ్వనస్థులకు వందనాలు.

సహవాసం గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం ఇస్తే ఎవరైనా బైబిల్లో తొలి సంఘం కథ చెప్పే అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం తీస్తారు. అందరూ ఏకమనస్సుతో ఉన్నారు, ఆస్తులు అమ్మి పంచుకున్నారు, ఇంటింటా రొట్టె విరిచారు. చదువుతుంటే ప్రాణం లేచొస్తుంది. నేను మాత్రం ఆరో అధ్యాయం తీస్తాను. అక్కడ అదే సంఘంలో గొడవ మొదలైంది. మన సంఘాల సంగతి తెలిసినవాడిగా చెప్తున్నా, మనకు పనికొచ్చేది ఆరో అధ్యాయమే.

ఆ యెరూషలేము సంఘంలో అక్కడి భాష మాట్లాడే హెబ్రీయులు ఉన్నారు, గ్రీకు మాట్లాడే యూదులూ ఉన్నారు. రోజూ బీదలకు పంచేటప్పుడు తమ విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. ఎవరో కావాలని చేశారని ఈ పుస్తకం రాసిన లూకా రాయలేదు. బహుశా పంచేవాళ్లకు ఆ ఆడవాళ్ల ముఖాలు తెలియవు, మాట అర్థం కాదు, వాళ్ల తరఫున వచ్చి అడిగే అన్నదమ్ములు ఆ ఊళ్లో లేరు. మన దగ్గరా చాలావరకు ఇంతే. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. తెలిసినవాళ్లకు ముందు అందుతుంది, తెలియనివాళ్లు మిగిలిపోతారు.

సంఘాన్ని నడిపిస్తున్న యేసు శిష్యులు, అంటే అపొస్తలులు, ఏం చేశారో చూడండి. "సంఘంలో సణగడం పాపం, వెళ్లి ప్రార్థన చేసుకోండి" అనలేదు. ఫిర్యాదు తెచ్చినవాళ్ల ఆత్మీయతను శంకించలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. ఈ పేర్లను బట్టి ఎక్కువమంది సణిగిన వర్గంవాళ్లేనని పండితులు అంటారు. అంటే, మాకు అందడం లేదని అడిగినవాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మన కమిటీ ఎన్నికల్లో ఇలాంటిది జరగ్గా ఎవరైనా చూశారా? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నాను.

ఇక మన సంగతి. మన సంఘంలో ఆదరణ లేదని నేను అనను. ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే మనం కదిలే తీరు చూసి బయటివాళ్లే మెచ్చుకుంటారు. పెట్టె తెప్పించడం, సమాధుల తోటలో గొయ్యి తవ్వించడం, వచ్చినవాళ్లకు టీ, అన్నీ జరిగిపోతాయి. ఆ ఇంటివాళ్లు నోరు తెరిచి అడగక్కర్లేదు. బతికుండి నెలల తరబడి మంచాన పడినవాళ్ల దగ్గరే మనం తేలిపోతున్నాం.

పెద్దాసుపత్రిలో వార్డుకు మన బృందం వెళ్లిందనుకోండి. పది మందిమి మంచం చుట్టూ నిలబడతాం. ఒక పాట, ఒక వాక్యం, గట్టిగా ప్రార్థన. సిస్టర్ వచ్చి "త్వరగా కానివ్వండమ్మా" అంటుంది. బ్రెడ్డు ప్యాకెట్, నాలుగు బత్తాయిలు బల్ల మీద పెట్టి, కవరు దిండు కింద దోపి వచ్చేస్తాం. ఆ మంచం పక్కనే చాప మీద పడుకుంటున్న కోడలు ఒకామె ఉంటుంది. మూడు రాత్రుళ్లుగా ఆమె కంటిమీద కునుకు లేదు. సెలైన్ ఎప్పుడు అయిపోతుందోనని టెన్షన్. ఇంటి దగ్గర పిల్లల్ని బడికి ఎవరు పంపారోనని టెన్షన్. రిపోర్టు కోసం కిందికి దిగితే మామయ్య దగ్గర ఎవరుంటారని టెన్షన్. మన పది మందిలో ఒక్కరు ఆగిపోయి, "అమ్మాయ్, నువ్వెళ్లి నాలుగు చెంబులు పోసుకుని కాసేపు పడుకో, మామయ్య దగ్గర నేను కూర్చుంటా" అంటే ఎలా ఉంటుంది? ప్రార్థన మానమని కాదండీ. మిగతా తొమ్మిది మంది చేస్తారు కదా.

గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లదీ ఇదే కథ. కోనసీమ నుంచి, కడప వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్‌లో, మస్కట్‌లో ఇంటిపనికి పోతున్నారు. చర్చి స్లాబుకు వాళ్లు పంపిన కానుకను మైకులో పేరుతో సహా చదువుతాం. అమ్మమ్మ దగ్గర ఉన్న వాళ్ల పిల్లకు జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఆ పిల్లకు తెలియదు. ఆ నంబరు ఇవ్వాల్సింది మనమే.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటుంది. "ఫలానా ఇంట్లో సమాధానం లేదు, ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. సాయంత్రానికి పేటంతా అదే ముచ్చట. అందుకే, వారం వారం కిస్తీ కట్టలేక తలుపేసుకుని కూర్చున్న మనిషి తన బాధ ఎక్కడైనా చెప్పుకుంటుంది గానీ సంఘంలో చెప్పుకోదు. బియ్యం బస్తా చేతికిచ్చి, "ఇటు చూడమ్మా" అని ఫోటో తీయడం ఇంకొకటి. తీసుకునేవాళ్ల తల ఆ ఫోటోలో ఎటు తిరిగి ఉంటుందో ఎప్పుడైనా గమనించారా?

ఆ తొలి రోజుల్లో కొరింథు పట్టణపు సంఘంవాళ్లకూ ఇలాంటి జబ్బే ఉండేది. ప్రభువు బల్ల కోసం, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం కోసం, కూడి వచ్చి, ఉన్నవాళ్లు తమ భోజనం ముందే తినేసేవాళ్లు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుగా ఉండేవాడు. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని అపొస్తలుడైన పౌలు వాళ్లకు రాసిన పత్రికలో నిలదీశాడు. ఆయన చివరికి చెప్పిన మందు చాలా చిన్నది: ఒకరి కోసం ఒకరు ఆగండి. మన ప్రేమవిందులో మొదటి పంక్తిలో ఎవరు కూర్చుంటున్నారో, కూర అడుగంటాక ఎవరు వస్తున్నారో ఈసారి చూడండి. ఏ పేటవాళ్లు ఏ వైపు కూర్చుంటున్నారో కూడా చూడండి. కులం గుమ్మం దగ్గరే చెప్పులతో పాటు విడిచి వస్తున్నామని అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మన నేల మీద జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇప్పించాడు. వాక్యం చెప్పే బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్లు కూలీలతోనే ఉన్నారు, విశ్రాంతి వేళ పక్కన కూర్చుని మాట్లాడారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని చాలామంది అడిగినా ఆయన ఇవ్వలేదు. కూటి కోసం అడుగుతున్నారేమోనన్న సందేహం వాళ్లకూ తనకూ ఉండకూడదనుకున్నాడు. సాయం పని ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది దానికి ముందు ఆయన ఆగిన కాలం. అన్నం ఎర కాకూడదనుకున్నాడు. తీసుకునేవాళ్లు చేయి చాచి కాకుండా కూలి సంపాదించుకుని తినేలా చూశాడు.

పెద్దల ముందు ఒక ప్రతిపాదన పెట్టి ముగిస్తాను. ఒక్కో పేటకు ఇద్దరు చొప్పున, ఒక అక్క, ఒక అన్న, బాధ్యత తీసుకోవాలి. వరసగా రెండు ఆదివారాలు కనిపించనివాళ్ల ఇంటికి వాళ్లు వెళ్లాలి. "గుడికెందుకు రాలేదు" అని అడగొద్దు, "ఒంట్లో ఎలా ఉంది" అని అడగాలి. విన్నది గ్రూపులో పెట్టకూడదు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఇంతవరకు ఏ కమిటీలోనూ లేనివాళ్లయి ఉండాలి. సంస్కారపు ఆదివారం కానుకలో కొంత భాగాన్ని ఆసుపత్రి దారి ఖర్చులకు విడిగా ఉంచాలి. దాని లెక్క కోశాధికారి గారికి ఒక్కరికే తెలిస్తే చాలు. అయ్యగారి కుటుంబాన్ని చూసుకోవడానికి కూడా ఇద్దరిని పెట్టండి. అందరినీ పరామర్శించే ఆ ఇంటికి పరామర్శకు వెళ్లేవాళ్లు తక్కువ. అమ్మగారు తల దించుకున్నారు కాబట్టి నేను చెప్పింది నిజమేననుకుంటున్నాను.

అభ్యంతరాలు ఉంటే ఇప్పుడే, ఇక్కడే చెప్పండి. సణుగుడైనా పర్వాలేదు. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు ఆశీర్వాదం అయ్యాక కార్యదర్శి గారిని కలవండి.